పదును ఖరీదు

ఇవాళ తెలుగు ఊళ్లలో ఏ సెలూన్‌లో కూర్చున్నా అద్దం ముందు బల్ల మీద నీళ్లు చిమ్మే సీసా, ట్రిమ్మర్, నురగ డబ్బా, పటిక ముక్క, బ్లేడ్ల పొట్లం కనిపిస్తాయి. కుర్చీ చేతికో గోడ మేకుకో వేలాడే తోలుపట్టా మాత్రం ఎక్కడా కనిపించదు. పట్టాతో పాటే దాని చప్పుడూ పోయింది. మడతకత్తిని తోలు మీద అటు లాగి, చివరికి రాగానే వెన్ను మీద తిప్పి, మళ్లీ ఇటు లాగుతుంటే ఒకే తూగులో వచ్చే ఆ మెత్తటి ‘టప్ టప్’ వీధిలోకి వినిపించేది. అది ఆగిందంటే కత్తి గడ్డం మీదికి వస్తోందని లెక్క. కుర్చీలో మనిషి తల వెనక్కి వాల్చి ఊపిరి బిగబట్టేవాడు. ఇప్పుడు వినిపించేది ఒక్క ‘టక్’. కాగితం విప్పకుండానే బ్లేడును వేళ్ల మధ్య మడిచి రెండు ముక్కలు చేస్తారు, ఒక సగాన్ని పిడిలో దూరుస్తారు, పని అయ్యాక తీసి పారేస్తారు. పదును పెట్టడమనే పనికి అక్కడ చోటే లేదు.

క్షురకుడి పొదిలోంచి మాయమైన ఆ కత్తి వేరే చోట బతుకుతోంది. యూరప్‌లో, అమెరికాలో, కొంతమేరకు హైదరాబాద్, బెంగళూరుల్లోనూ దాన్ని సరదాగా పట్టుకున్న మగవాళ్లున్నారు. జర్మనీలోని సోలింజెన్‌లో, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసిన పాత కత్తులు వెతికి కొంటారు, రాళ్లు పోగేస్తారు, పొద్దున్నే తోలు మీద కత్తి ఆడించుకుని గడ్డం గీసుకుంటారు. వాళ్లలో చాలామంది చెప్పే కారణం పొదుపు. ఒక్కసారి కొంటే కత్తి జన్మంతా ఉంటుంది, మనవడికీ మిగులుతుంది, బ్లేడ్ల ఖర్చు ఉండదు, తాతలకు ఆ మాత్రం తెలివి ఉంది అంటారు. మన్నిక సంగతి నిజం. పొదుపు సంగతి లెక్కకు నిలవదు. ఈ కత్తి విషయంలో అసలు ఖర్చు ఉక్కుది కాదు, పదునుది. ఆ ఖర్చు తాతల కాలంలోనూ ఉంది. ఊరందరి తరఫునా ఒక్క మనిషి దాన్ని మోశాడు, దానికి విడిగా వెల కట్టి ఇచ్చినవాళ్లు లేరు, అందుకే అది తాతల కంటికి ఆనలేదు. ఇవాళ సరదాపడి కత్తి కొన్నవాడు రాళ్లకూ తోలుకూ తన పొద్దుటి పూటకూ పెడుతున్న ఖర్చు చూస్తుంటేనే ఆ పాత శ్రమ విలువ ఎంతో ఇన్నాళ్లకు లెక్కకు అందుతోంది.

* * *

ముందు పదును ఎందుకు పోతుందో చూడాలి. ఉక్కు అంత గట్టిది, వెంట్రుక ఇంత మెత్తనిది. మరి కత్తి మొద్దుబారడం ఎందుకు? 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో దీనికి జవాబు ప్రచురించారు. వెంట్రుక ఉక్కుకంటే దాదాపు 50 రెట్లు మెత్తన. అయినా గీస్తున్నప్పుడు వెంట్రుక వంగి అంచుకు ఓరగా తగిలితే, ఉక్కు లోపలి అల్లిక ఒకే తీరుగా లేని చోట అంచు నుంచి అతి సన్నటి పెళ్లలు ఊడిపోతాయని వాళ్లు సూక్ష్మదర్శిని కింద చూపించారు. వాళ్లు పరీక్షించింది వాడి పారేసే రేజర్ల బ్లేడ్లనే. కానీ మడతకత్తి అంచు కూడా ఉక్కే, అదీ గడ్డం మీదే నడుస్తుంది. దానికి తోడు తడి. మంచి మడతకత్తిని తుప్పు పట్టని ఉక్కుతో అరుదుగా చేస్తారు. కార్బన్ ఎక్కువున్న ఉక్కే సన్నటి అంచును బాగా నిలుపుతుంది, ఆ ఉక్కుకే తుప్పూ తొందరగా పడుతుంది. తుడవకుండా వదిలేసిన ఒక్క రాత్రి చాలు, అంచు మీద కంటికి కనబడని గుంటలు పడతాయి. సముద్రపు గాలి తగిలే కోస్తా ఊళ్లలో కత్తిని పొడి గుడ్డతో తుడిచి, నూనె రాసి మడవడం గడ్డం గీయడమంత ముఖ్యమైన పని. అంటే ఈ కత్తి వాడిన ప్రతిసారీ కొంచెం చెడుతుంది, వాడకుండా ఉంచినా చెడుతుంది. అది తనంతట తాను జన్మంతా ఉండే వస్తువు కాదు. ఎవరో ఒకరు రోజూ కనిపెట్టుకుని ఉంటేనే ఉంటుంది.

దాన్ని బాగుచేసే పద్ధతిలో గొప్ప నేర్పుంది, అది కత్తి రూపంలోనే ఇమిడి ఉంది. మడతకత్తి వెన్ను మందంగా ఉంటుంది, అక్కడినుంచి అంచు దాకా రెండు చెంపలూ లోపలికి గుల్ల చేసి ఉంటాయి. సానరాయి మీద కత్తిని పడుకోబెడితే వెన్నూ అంచూ రెండే రాయిని తాకుతాయి. ఎంత వాలుగా పట్టాలో చెయ్యి నిర్ణయించనక్కర్లేదు, వెన్నే నిర్ణయిస్తుంది. సాధారణంగా కత్తి వెడల్పు అంగుళంలో 8కి 5 వంతులు, అంటే 16 మిల్లీమీటర్లకు దగ్గర. వెన్ను మందం నాలుగున్నర మిల్లీమీటర్లనుకుంటే అంచు కోణం 16 డిగ్రీల దగ్గర తేలుతుంది. నూరినకొద్దీ అంచుతో పాటు వెన్నూ అరుగుతుంది గనుక ఏళ్లు గడిచినా ఆ కోణం పెద్దగా మారదు. వంటింటి కత్తికి లేని సౌకర్యం ఇది. అయినా పని తేలిక కాదు. ముందు బరక రాయి మీద రెండు చెంపలూ ఒక గీత దగ్గర కచ్చితంగా కలిసేలా నూరాలి. ఆ తర్వాత అంతకంటే నున్నటి రాయి, ఆపైన ఇంకా నున్నటిది. ప్రతి రాయీ ముందు రాయి పెట్టిన గీతలను చెరపాలి. రాయి మీద కత్తి అంచు ముందుకు నడుస్తుంది, తోలు మీద వెన్ను ముందుకు నడుస్తుంది. ఈ రెంటినీ తారుమారు చేస్తే తోలు తెగుతుంది, అంచు మడత పడుతుంది. చివర్లో తోలు చేసే పని నూరడం కాదు. గడ్డం గీసినప్పుడు పక్కకు ఒరిగిన అంచును మళ్లీ నిటారుగా నిలబెట్టి నునుపు చేయడం. కత్తిని తిప్పేటప్పుడు వెన్ను తోలును వదలకూడదు. ఒక్కసారి అంచు మీద తిప్పితే రాళ్ల మీద గంటసేపు చేసిందంతా పోతుంది. పదును కుదిరిందో లేదో చూడటానికి బొటనవేలి మెత్త మీద అంచును అడ్డంగా, తగిలీ తగలనట్టు ఆనించి చూస్తారు. చర్మానికి అంచు అతుక్కున్నట్టు అనిపించాలి. జారితే మళ్లీ రాయి దగ్గరికే.

ఈ పని తెలియక వీధిలో సానపట్టేవాడికి ఇచ్చిన కత్తులు ఏమయ్యేవో కూడా చెప్పుకోవాలి. కాలితో తొక్కుతూ చక్రం తిప్పి, నిప్పురవ్వలు ఎగరేస్తూ కత్తిపీటలకూ కత్తెరలకూ సాన పట్టేవాళ్లు వీధివీధీ తిరిగేవాళ్లు. కత్తిపీటకు ఆ చక్రం చాలు. గుల్లచేసిన మడతకత్తి అంచు మాత్రం ఆ వేడికి నిలవదు. ఉక్కును కాచి చల్లార్చినప్పుడు వచ్చిన గట్టిదనం దిగిపోతుంది, ఇక ఎంత నూరినా పదును నిలవదు. అందుకే ఊళ్లో ఎన్ని సానచక్రాలు తిరిగినా గడ్డం కత్తి వాటి దగ్గరికి వెళ్లేది కాదు. దాని పదును బాధ్యత దాన్ని వాడే మనిషిదే.

* * *

ఆ మనిషి నాయీ బ్రాహ్మణుల ఇంటివాడు. అతని పొదిలో రెండో మూడో కత్తులు, ఒక కత్తెర, గోళ్లు తీసే చిన్న పనిముట్టు, ఇత్తడి గిన్నె, అరచేతి అద్దం, అరిగి అరిగి మధ్యలో పల్లం పడిన సానరాయి, తోలు ముక్క ఉండేవి. అరుగు మీదో వేపచెట్టు కిందో కూర్చోబెట్టి, గిన్నెలో నీళ్లతో గడ్డాన్ని వేళ్లతో బాగా నాననిచ్చి, కత్తి తీసేవాడు. తోలు చేతికి అందకపోతే అరచేతి మీదే నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పేవాడు. నీళ్లతో నాననివ్వడం కూడా పదును కాపాడుకోవడంలో భాగమే. తడిసి మెత్తబడిన వెంట్రుక అంచును అంతగా చెడగొట్టదు. గడ్డం గీయడంతో అతని పని తీరేది కాదు. పెళ్లిలో డోలూ సన్నాయీ ఆ ఇంటివే, లేచిన గడ్డ కోయించుకోవడానికి చాలా ఊళ్లలో అతని దగ్గరికే వెళ్లేవాళ్లు, పుట్టువెంట్రుకల నుంచి కర్మకాండ దాకా అతను లేకుండా ఏ ఇంట్లోనూ పని జరిగేది కాదు. వీటన్నిటికీ కలిపి పంట వచ్చినప్పుడు కల్లం దగ్గర మేర కొలిచేవాళ్లు. ఇంటికింత, కొన్నిచోట్ల నాగలికింత. గడ్డానికింత అని ఎక్కడో గానీ ఉండేది కాదు. ఇక కత్తి నూరినందుకింత అన్న మాట ఎవరి ఊహలోకీ వచ్చి ఉండదు.

లెక్క వేసి చూద్దాం. 100 ఇళ్ల ఊరు, ఇంటికి గడ్డం వచ్చిన మగవాళ్లు ఇద్దరు, వారానికోసారి క్షవరం అనుకుందాం. వారానికి 200 గడ్డాలు. గడ్డానికి ముందు తోలు మీద ఒక్క నిమిషం కత్తి ఆడించినా వారానికి 3 గంటల 20 నిమిషాలు, ఏడాదికి 170 గంటల పైమాట. రాయి మీద నూరే సమయం ఇందులో కలపలేదు. అది సాధారణంగా ఇంటి దగ్గర, దీపం వెలుగులోనో తెల్లవారుజామునో జరిగేది, ఎవరికీ కనబడేది కాదు. ఇంకోవైపు నుంచి చూస్తే ఈ ఏర్పాటు ఎంత పొదుపైనదో అర్థమవుతుంది. ఒక రాయి, ఒక తోలు, రెండు కత్తులతో 200 మందికి పదును దొరికింది. రాయి ఇరవై ముప్పై ఏళ్లు వచ్చేది, తోలు వాడినకొద్దీ బాగుపడేది. సామాను ఖర్చును ఇన్ని వేల గడ్డాలకు పంచితే ఒక్కోదానికి పడేది దాదాపు సున్నా. తాతల తెలివి అని మనం మురిసిపోతున్నది ఈ పంపకాన్ని. ఆ తాత తన కత్తిని తాను నూరుకోలేదు. నూరి పెట్టే మనిషి ఊళ్లో ఉన్నాడు గనుక తనకు ఖర్చు కాలేదు.

ఉక్కు వైపు నుంచి చూస్తే తెలుగు నేలకు ఈ కథలో మరో ముడి ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కునేవాళ్లు. దక్షిణ భారతం నుంచి వెళ్లిన ఇలాంటి ఉక్కును 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ పరీక్షించి వివరించాడు. ఆ ఉక్కు చూసి ముచ్చటపడ్డ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్, యువకుడైన మైకేల్ ఫారడేతో కలిసి అలాంటిది తయారుచేయాలని 1820 ప్రాంతంలో ప్రయోగాలు చేశాడు. వాళ్లు చేసిన మిశ్రమలోహాలతో రేజర్లు కూడా తయారయ్యాయి, ఫారడే కొన్నిటిని స్నేహితులకు ఇచ్చాడు. ఆ తర్వాత షెఫీల్డ్ కత్తుల మీద కనబడే ‘సిల్వర్ స్టీల్’ ముద్రకు మూలం ఆ ప్రయోగాలే. ఇంత చరిత్ర ఉక్కుకు ఉంది. దాన్ని వాడదగ్గ స్థితిలో ఉంచిన చేతులకు మాత్రం చరిత్ర రాసినవాళ్లు లేరు. కత్తి మీద తయారుచేసిన ఊరి పేరు చెక్కి ఉంటుంది. నూరినవాడి పేరు దేని మీదా ఉండదు.

* * *

ఇప్పుడు సరదాదారు లెక్కకు వద్దాం. జర్మనీ కత్తి కొత్తది కొనాలంటే 100 యూరోలకు తక్కువ దొరకడం కష్టం, అంటే మన డబ్బులో దాదాపు 10,000 రూపాయలు. నూరడానికి 1,000 గ్రిట్ రాయి ఒకటి, 4,000, 8,000 రెండు వైపులా ఉన్నది ఒకటి, చివరి నునుపుకు 12,000 గ్రిట్‌ది ఒకటి. రాళ్లు అరిగి పల్లం పడితే చదును చేసే పలక ఇంకొకటి. తోలుపట్టా, దానికి తోడు గుడ్డపట్టా, క్రోమియం ఆక్సైడ్ ముద్ద. మొత్తం కలిపితే ఎంత చూసుకుని కొన్నా 30,000 రూపాయలకు తగ్గదు. ఇది మొదటి మెట్టు మాత్రమే. సహజమైన రాళ్ల రుచి తగిలితే పై హద్దు లేదు. బెల్జియం ఆర్డెన్ కొండల్లో దొరికే పచ్చటి కోటికుల్ రాయిలో సన్నటి గార్నెట్ రేణువులుంటాయి, వాటితోనే అది ఉక్కును కోస్తుంది. జర్మనీలో తురింగియా రాళ్ల తవ్వకం ఎప్పుడో ఆగిపోయింది గనుక పాత ఎషర్ ముద్ర ఉన్న రాయి ఒక్కటే కత్తికంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. జపాన్‌లో క్యోటో దగ్గరి నారుతాకి రాళ్లదీ అదే దారి. దీనికి ఎదురుగా మన కిరాణా కొట్లో రెండంచుల బ్లేడు 3 రూపాయలనుకోండి. వారానికి ఒకటి చొప్పున ఏడాదికి 52 బ్లేడ్లు, 156 రూపాయలు. ఆ లెక్కన 30,000 రూపాయలు తిరిగి రావాలంటే 190 ఏళ్లు పడుతుంది. మనవడు కాదు, ముని మనవడి మనవడు కూడా ఆ పొదుపు చూడడు.

ఈ లెక్కకు మూడు అభ్యంతరాలు వస్తాయి, మూడూ ఆలోచించదగ్గవే. మొదటిది, పోల్చాల్సింది 3 రూపాయల బ్లేడుతో కాదు, మూడు నాలుగు బ్లేడ్లు ఒకేచోట బిగించిన కార్ట్రిడ్జ్‌తో అంటారు. 1998లో జిలెట్ మ్యాక్ త్రీ వచ్చాక చదువుకున్న పట్నంవాళ్లలో చాలామంది అటే వెళ్లారు, నిజమే. ఒక కార్ట్రిడ్జ్ 175 రూపాయలు, నెలకు రెండు అనుకుంటే ఏడాదికి 4,200. అప్పుడు 30,000 ఏడేళ్లలో తీరుతుంది. కానీ ఇక్కడ పొదుపు వచ్చింది మడతకత్తి వల్ల కాదు, ఖరీదైన దాన్ని వదిలేయడం వల్ల. దాన్ని వదిలి 3 రూపాయల బ్లేడుకు మారితే ఆ పొదుపు మొదటి ఏడాదే వస్తుంది. రెండోది, ఇన్ని రాళ్లు అక్కర్లేదు, ఒక రాయితో, ఒక తోలుతో సరిపెట్టుకోవచ్చు, పాత కత్తి చవగ్గా దొరుకుతుంది అంటారు. ఊరి క్షురకుడు ఒక్క రాయితో నెగ్గుకొచ్చాడు గదా అని ఆయన్నే ఉదాహరణ చూపిస్తారు. ఆ ఒక్క రాయి వెనక చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి ఉంది. ఆ చెయ్యి లేనివాడికి ఆ లోటు పూడ్చడానికే నాలుగు రాళ్లు కావాలి. అవి కొనే బదులు నూరించుకుందామంటే అమెరికాలో ఒక్కసారి నూరి ఇవ్వడానికి 25 డాలర్ల దాకా తీసుకుంటారు, రానూపోనూ పోస్టు ఖర్చు వేరు. పాత కత్తి చవగ్గా దొరికితే అంచు పెళ్లలు లేచి, వెన్ను ఒకవైపు ఎక్కువ అరిగి ఉంటుంది. దాన్ని దారిలో పెట్టాలంటే బరక రాయి మీద చేయాల్సిన పని కొత్తదానికంటే ఎక్కువ.

మూడో అభ్యంతరం వీటికంటే బలమైనది. సరదాకు లెక్కలేమిటి, ఆ సమయం ఖర్చు కాదు, ఆనందం అంటారు. రోజూ తోలు మీద 4 నిమిషాలు అనుకుంటే ఏడాదికి 24 గంటలు దాటుతుంది, అదంతా ఒక్క ముఖం కోసం. ఆ 24 గంటలూ మనసుకు హాయిగా గడిస్తే దాన్ని ఖర్చు కింద రాయకూడదన్న మాట న్యాయమే. వీణ వాయించేవాణ్ని గంటకెంత అని ఎవరూ అడగరు. నాకు ఆ ఆనందం మీద ఏ ఆక్షేపణా లేదు, దాన్ని పొదుపు అని పిలవడం మీదే ఉంది. పిలిస్తే ఒక పొరపాటు జరుగుతుంది. పదును పెట్టడం తేలిక, చవక, ఒకప్పుడు అందరూ ఊరికే చేసుకున్న పని అన్న అభిప్రాయం స్థిరపడుతుంది. చేయాలనిపించినప్పుడు చేసి, విసుగొస్తే మానేయగలిగినవాడికి అది ఆనందం. రేపు పొద్దున వాకిట్లో నిలబడాలి గనుక చేసి తీరాల్సినవాడికి అదే పని శ్రమ. కత్తి, రాయి, తోలు రెండు చోట్లా అవే. మనిషికి మానేసే వీలుందా లేదా అన్నదే తేడా.

* * *

ఈ ఏర్పాటు ఒక్కరోజులో కూలలేదు. కింగ్ క్యాంప్ జిలెట్ పారేసే బ్లేడు రేజరు అమ్మకానికి పెట్టిన 1903లో 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే అమ్ముడయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు కొన్నది, వాళ్లు ఆ అలవాటుతోనే ఇళ్లకు తిరిగొచ్చారు. జిలెట్ కనిపెట్టినదాని అసలు గుట్టు నూరడాన్ని మనిషి చేతిలోంచి తీసి కర్మాగారంలో పెట్టడం. పదును అక్కడే పుడుతుంది, మొద్దుబారితే బ్లేడే పోతుంది. మన దగ్గర మల్హోత్రాల టోపాజ్, ఆ తర్వాత సూపర్ మ్యాక్స్ లాంటి దేశీ బ్లేడ్లు చవగ్గా దొరకడం మొదలయ్యాక ఉద్యోగస్థులు ఇంట్లో తామే గీసుకోవడం పెరిగింది. అయినా సెలూన్లలో, పల్లెల్లో పాత కత్తి చాలాకాలం నిలిచింది. దాన్ని దించింది ధర కాదు, భయం. 1986లో మద్రాసులో హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి, 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. కొత్త బ్లేడు వాడమని అడగాలన్న ప్రచారం 1990లలో పల్లెపల్లెకూ చేరింది.

ఈ మార్పు మంచికే జరిగిందని గట్టిగా చెప్పాలి. హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్-బి ఇక్కడ పెద్ద ప్రమాదం. ఆ వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. కంటికి కనబడనంత నెత్తురు చాలు దానికి. కత్తిని స్పిరిట్‌తో తుడిస్తే సరిపోయేదిగా అంటారు కొందరు. కత్తిని తుడవొచ్చు, తోలును ఎలా? ప్రతి గడ్డానికి ముందూ తర్వాతా అదే తోలు మీద నడిచిన కత్తి, నిన్నటి మనిషి నుంచి ఇవాళ్టి మనిషికి ఏం మోసుకొచ్చిందో చెప్పలేం. తోలును మరిగించలేం, రాయి రంధ్రాలను కడగలేం. మనిషికో కత్తి పెట్టుకుని ఉంటే అన్న మాటా వినిపిస్తుంది. కలిగినవాళ్ల ఇళ్లలో సొంత కత్తి ఉండేది కూడా. కానీ 200 మందికి 200 కత్తులంటే నూరాల్సినవి 200, రాళ్లూ తోళ్లూ కూడా వేరువేరు. మొత్తం ఏర్పాటు చవగ్గా నడవడానికి కారణమైన పంపకమే అక్కడ పోతుంది. ఊరంతా ఒకే పదును పంచుకోవడం వల్ల వచ్చిన లాభమూ జబ్బూ ఒకే తోలు మీంచి వచ్చాయి. ఒకటి వదిలి రెండోది ఉంచుకునే దారి ఎవరికీ దొరకలేదు. కల్యాణకట్టల్లో కూడా ఇప్పుడు మార్చే బ్లేడే వాడుతున్నారు, అది అలాగే ఉండాలి.

ఆ పాత పంపకంలో ఊరందరూ లేరన్న సంగతీ మరవకూడదు. దళితులకు క్షవరం చేయకూడదన్న కట్టడి ఎన్నో ఊళ్లలో ఉండేది. చేసిన క్షురకుణ్ని మిగతావాళ్లు వెలివేసేవాళ్లు. 1955లో అంటరానితనాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చాక కూడా ఆ కట్టడి చాలాకాలం పోలేదు. అంటే ఎంత నూరి పదును పెట్టినా ఆ కత్తిని ఎవరి మీద నడపాలో నిర్ణయించే హక్కు కూడా అతనికి లేదు. మూడు రూపాయల బ్లేడు ఈ విషయంలో చేసిన మేలు చిన్నది కాదు. డబ్బిచ్చిన ఎవరికైనా అదే పదును ఇస్తుంది. పాత రోజుల్ని తలచుకునేటప్పుడు తోలుపట్టా చప్పుడును, ఇత్తడి గిన్నె మెరుపును మాత్రమే తలచుకుంటే ఈ మనిషికి మళ్లీ అన్యాయం చేసినట్టే. అతని కొడుకు మేర మీద బతకనక్కర్లేదు, గడ్డానికింత అని బోర్డు రాసి పెట్టుకోగలడు. 2021 నుంచి తెలంగాణలో క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇస్తున్నారు. ట్రిమ్మరుకయ్యే ఖర్చును ప్రభుత్వం పద్దులో రాసింది. అతని తండ్రి దీపం వెలుగులో రాయి మీద గడిపిన గంటలు ఎప్పుడూ ఏ పద్దులోకీ ఎక్కలేదు.

ఇక నష్టం ఏమిటంటే, ఆ చేతి విద్య. వెన్ను వదలకుండా తిప్పే మణికట్టు, బొటనవేలి మీద అంచును చదివే తెలివి, రాయి మీద కత్తి నడిచే చప్పుడును బట్టి ఎక్కడ తగలలేదో పసిగట్టే చెవి. ఇవి పుస్తకంలో రాసి పెట్టుకునేవి కావు. 1990ల దాకా పాత కత్తి పట్టినవాళ్లు ఇప్పటికీ చాలా ఊళ్లలో ఉన్నారు. అరవై, డెబ్బై దాటిన వయసులో కొడుకుల దుకాణాల ముందు బల్ల మీద కూర్చుని కనిపిస్తారు. హైదరాబాద్‌లో విదేశీ కత్తి కొని, దాన్ని నూరడం చేతకాక 2,000 రూపాయల పైన పెట్టి సముద్రాలు దాటించాలని చూసేవాళ్ల నుంచి ఈ పెద్దవాళ్ల దాకా బస్సు ఛార్జీ దూరం. ఆ పెద్దమనిషికి కత్తి ఇచ్చి నూరించుకోండి. మామూలుగా గడ్డానికి ఇచ్చేంత ఇచ్చి రావద్దు. అమెరికాలో నూరేవాడికి ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి, కూర్చోబెట్టి నేర్పమని అడిగితే దానికి ఇంకా ఎక్కువ ఇవ్వండి. ఆయన మొహమాటపడి వద్దంటాడు, అంత డబ్బు ఈ పనికి ఎవరిస్తారు బాబూ అంటాడు. ఆ మాట విని సగం డబ్బు జేబులో పెట్టుకుని రాకూడదు.